మన వైజాగ్ బొద్దు పిట్టల్లో మీ ఓటు దేనికి?

ఎంవీపీ బాల్కనీ
అక్టోబర్ 18, ఉదయం 7:42

ఇక్కడ ఏ చర్చ తెరిచినా గద్దలు, డేగలు, కొంగలే. వాటి మీద నాకు కోపమేమీ లేదు గానీ, పొట్టిగా బొద్దుగా, మెడ ఎక్కడుందో తెలియకుండా ఉండే చిన్న పిట్టల గురించి ఒక్క చర్చ కూడా లేకపోవడం అన్యాయం. అందుకే ఇది మొదలుపెడుతున్నా.

నా ఓటు జీనువాయికి. రొమ్ము మీద పొలుసులు పొలుసులుగా మచ్చలుండే రకం. మా ఎదురు ఖాళీ స్థలంలో వానలకి గడ్డి ఏపుగా పెరిగి కంకి వేసింది. పొద్దున్నే గుంపుగా దిగుతాయి. ఒకటి పరక పట్టుకుని పైకి పాకుతుంది, పరక వంగిపోతుంది, పిట్ట కిందికి జారుతుంది, అయినా నోట్లో గింజ వదలదు. బరువు పదిహేను గ్రాములకి అటూ ఇటూ. ముక్కు మాత్రం ఒంటికి మించిన లావు. గుంపులో మచ్చల్లేకుండా వట్టి గోధుమరంగులో ఉండేవి పిల్లలు, వాటి తడబాటు ఇంకా చూడాలి.

షరతులు: వైజాగ్ చుట్టుపక్కల మీరు స్వయంగా చూసిన పిట్ట అయ్యుండాలి. బోనులోవి కుదరవు. ఎందుకు నచ్చిందో చెప్పాలి. "సో క్యూట్" అని వదిలేస్తే ఓటు చెల్లదు.

ఉల్లంకి
అక్టోబర్ 18, ఉదయం 8:15

ఇసుక మీద పరిగెత్తే ఉల్లంకులకి నా ఓటు. పేరు చూస్తే తెలిసిపోతుంది కదా. చలికాలం ముందు రుషికొండ దాటి భీమిలి వైపు, జనం పలచబడిన చోట కనిపిస్తాయి. నాలుగడుగులు ఉరికి టక్కున ఆగుతుంది, ఏదో పొడుచుకుంటుంది, మళ్లీ ఉరుకు. ఆ వేగంలో కాళ్లు కనిపించవు, ఒళ్లొక్కటే జారిపోతున్నట్టుంటుంది.

మేఘాద్రి గెడ్డ నీళ్లు తగ్గినప్పుడు బురద అంచున లిటిల్ స్టింట్‌లు కూడా దిగుతాయి. పిచ్చుకంత ఉంటాయి. ఆర్కిటిక్ టండ్రాలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఇక్కడికొస్తాయి. నేను బెంగుళూరు నుంచి రైలు టికెట్ దొరకలేదని గొడవ చేస్తుంటాను, అది సైబీరియా నుంచి రెక్కల మీద వచ్చి నోరెత్తకుండా పురుగులు ఏరుకుంటోంది.

చికెన్ పకోడీ
అక్టోబర్ 18, ఉదయం 9:02

నా ఓటు కౌజు పిట్టకి. గుండ్రంగా ఉంటుంది, ఫ్రై ఇంకా బాగుంటుంది.

అడ్మిన్
అక్టోబర్ 18, ఉదయం 9:20

పకోడీ గారూ, హోటల్లో మీరు తినేది ఫారంలో పెంచే జపాన్ కౌజు. వల వేసి పట్టిన అడవి కౌజులు, పూరేళ్లు అమ్మినా కొన్నా నేరం. ఓటు చెల్లదు. ఆకలి చర్చలకి వేరే విభాగం ఉంది.

జువాలజీ మాస్టారు
అక్టోబర్ 18, మధ్యాహ్నం 12:10

మంచి చర్చ. ముప్పై ఏళ్ల పాఠాల అలవాటు కాబట్టి కాస్త విసిగిస్తాను, భరించండి.

ఈ పిట్టలు గుండ్రంగా ఉండవు. గుండ్రంగా కనిపిస్తాయి. ఈకలు తీసేస్తే లోపల సన్నటి మెడ, దబ్బనాల్లాంటి కాళ్లు, ముందుకి పొడుచుకొచ్చిన రొమ్ము కండ మాత్రమే మిగులుతాయి. మనకీ, జిరాఫీకీ కూడా మెడ పూసలు ఏడే. పక్షుల్లో 13 నుంచి 25 దాకా ఉంటాయి. ఆ పొడుగు మెడని వంకరగా మడిచి ఈకల కింద దాచేస్తుంది కాబట్టి మనకి తల నేరుగా ఒంటి మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది.

ఆ ఈకలు చేసే పని గాలిని పట్టి ఉంచడం. చిన్న ఒంటికి బరువు తక్కువ, బయటికి తెరుచుకున్న పైభాగం ఎక్కువ, కాబట్టి వేడి త్వరగా పోతుంది. చలేస్తే ఈకలు విప్పారించి మధ్యలో గాలి పొర నింపుకుంటుంది. గుండ్రటి ఆకారంలో వేడి తప్పించుకునే దారి కూడా తక్కువ. డిసెంబర్‌లో అరకు వెళ్లినవాళ్లు తెల్లవారాక తీసిన పిచ్చుక ఫొటోలు చూడండి. అదే పిచ్చుక ఇక్కడ మే నెల మిట్టమధ్యాహ్నం ఈకలు ఒంటికి అంటించుకుని, రెక్కలు కాస్త ఎత్తి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటుంది. రెండు ఫొటోలూ పక్కన పెడితే ఒకే జాతి అంటే నమ్మరు.

ఉల్లంకి గారి పిట్టలది వేరే కథ. వసంతంలో తిరుగు ప్రయాణానికి ముందు అవి తిని తిని నిజంగానే లావెక్కుతాయి. ఆ కొవ్వే దారి ఖర్చు. కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో బీచ్‌లో కుక్కల్ని వాటి మీదికి ఉసిగొల్పేవాళ్లనీ, రీల్ కోసం గుంపు మీదికి పరిగెత్తేవాళ్లనీ చూస్తే దయచేసి ఒక మాట చెప్పండి. లేచి ఎగిరిన ప్రతిసారీ ఆ కొవ్వే ఖర్చవుతుంది.

పెందుర్తి మామిడి
అక్టోబర్ 18, రాత్రి 8:30

అందరూ పిట్టల్ని తెగ పొగిడేస్తున్నారు. మా తోటకొచ్చి సూడండి బాబూ. బొటనవేలంత పిట్ట, తోక మొండి, టిక్ టిక్ అంటూ ఒక్కచోట నిలబడదు. అది బదనిక పండు తిని గింజని తెచ్చి మామిడి కొమ్మకి రాసేస్తాది. అక్కడ మొలిసి చెట్టు రసం పీల్చేస్తాది. దానికి ఓటేటి? జరిమానా వెయ్యాలి.

ఎంవీపీ బాల్కనీ
అక్టోబర్ 18, రాత్రి 8:51

అది ఫ్లవర్‌పెక్కర్ అండీ. లేత రంగు ముక్కుదైతే కొస నుంచి కొస దాకా ఎనిమిది సెంటీమీటర్లే. మన దేశంలో అతి చిన్న పిట్టల్లో ఒకటి. మా వీధిలో సింగపూర్ చెర్రీ చెట్టు మీద రోజూ ఉంటుంది. అంత చిన్న దాని మీద జరిమానా అంటే మనసెలా ఒప్పింది మీకు!

జువాలజీ మాస్టారు
అక్టోబర్ 18, రాత్రి 9:35

పెందుర్తి గారి ఫిర్యాదు నిజమే. బదనిక గింజ చుట్టూ జిగురుంటుంది. పండు తిన్న కాసేపటికే గింజ బయటపడుతుంది, జిగురుకి ఊడిరాదు, దాన్ని వదిలించుకోవడానికి పిట్ట కొమ్మకి రుద్దుతుంది. విత్తనానికి కావలసిందీ అదే. బదనికకి ఆ పిట్ట కావాలి, పిట్టకి బదనిక కావాలి. మధ్యలో నలిగేది మామిడి.

పిట్టని తరిమితే ఒరిగేదేమీ లేదు. బదనిక పండు పండకముందే, అది అంటుకున్న చోటుకి కాస్త కింద నుంచి కొమ్మ కోసేయండి. పైపైన ఆకులు దులిపితే మళ్లీ వస్తుంది, వేరు కొమ్మ లోపల ఉంటుంది. పక్క తోటవాళ్లు కూడా కోస్తేనే ఫలితం.

పెందుర్తి మామిడి
అక్టోబర్ 18, రాత్రి 9:50

పక్క తోటాయన హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయన బదనిక కూడా నేనే కోయాలన్నమాట. బాగుంది.

గాజువాక టు సప్పోరో
అక్టోబర్ 19, ఉదయం 6:05

ఉద్యోగం పని మీద హొక్కైడోలో ఉంటున్నాను. షరతుల ప్రకారం నా ఓటు చెల్లదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను. ఇక్కడ షిమా ఎనగా అని ఒక పిట్ట ఉంది. పొడుగు తోక టిట్‌లలో ఒక ఉపజాతి. జపాన్‌లో మిగతా చోట్ల ఈ జాతికి కళ్ల మీదుగా నల్ల చారలుంటాయి, హొక్కైడో దానికి మాత్రం ముఖమంతా తెలుపే. చలికాలంలో ఈకలు విప్పుకుని కొమ్మ మీద కూర్చుంటే కొబ్బరి ఉండకి రెండు మిరియాలు గుచ్చినట్టుంటుంది. ఎనిమిది గ్రాముల పిట్ట పేరు మీద కీచైన్లు, దిండ్లు, స్వీట్లు, ఏవంటే అవి అమ్ముతున్నారు.

ఒక రహస్యం: ఆ ఫొటోలన్నీ ఎదుటి నుంచి తీసినవే. పక్క నుంచి చూస్తే ఒంటికంటే పొడుగు తోక. ఎండాకాలంలో చూస్తే సన్నగా, మామూలుగా ఉంటుంది, పర్యాటకులు గుర్తుపట్టరు. మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

అయితే ఇంత గోల చూశాక ఒకటి అనిపిస్తోంది. మన జీనువాయికి ఇందులో పదో వంతు పేరు కూడా ఎందుకు రాలేదు? బొద్దుతనంలో తక్కువేమీ కాదుగా.

పైడికంటె
అక్టోబర్ 19, ఉదయం 10:22

ఎందుకంటే మనం జీనువాయిని బోనులో చూశాం, వాళ్లు వాళ్ల పిట్టని మంచులో చూశారు.

నా ఓటు పైడికంటెకి. చిన్న గుడ్లగూబ, జానెడు ఉంటుంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో పాత చెట్ల తొర్రల దగ్గర పగటిపూట కూడా ఎండ కాచుకుంటూ దొరుకుతుంది. కళ్లు గుంటల్లో తిరగవు కాబట్టి మనల్ని చూడాలంటే తల మొత్తం తిప్పాలి. ముందు పక్కకి, తర్వాత పైకి కిందికి ఊపి, దూరం లెక్కగట్టి, అప్పుడు కనుబొమలు ముడిచినట్టు చూస్తుంది. ఆకారం చూస్తే పసితనం, చూపు చూస్తే మనమే ఏదో తప్పు చేశామనిపిస్తుంది. నాకు నచ్చేది ఆ పొంతన లేకపోవడమే.

మా హాస్టల్లో కొందరికి గుడ్లగూబ అంటే అపశకునం. కిటికీ దగ్గర కూస్తే రాయి తీసుకునేవాళ్లు. రెండు వారాలు ఫొటోలు చూపిస్తే ఇప్పుడు వాళ్లే "మన పైడి ఈరోజు కనిపించలేదు" అని అడుగుతున్నారు. మాటలతో వాదించి ఉంటే ఎవరూ వినేవారు కాదు.

కంబాలకొండ అడవిలో మరో రకం కూడా ఉంది, అడవి పైడికంటె. ఒంటి మీద తెల్ల చుక్కలుంటే ఊళ్లోది. ఒళ్లంతా అడ్డ చారలుంటే అడవిది.

కొత్త సభ్యుడు 77
అక్టోబర్ 19, మధ్యాహ్నం 1:40

అందరికీ నమస్కారం. మీ పోస్టులు చూసి మా పిల్లలు సరదా పడుతున్నారు. ఎర్ర జీనువాయిల జత ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరా? ధర ఎంతైనా పర్వాలేదు.

ఎంవీపీ బాల్కనీ
అక్టోబర్ 19, మధ్యాహ్నం 1:58

దొరకకూడదండీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన అడవి పిట్టల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. జీనువాయి, చిలుక రెండూ అంతే. మార్కెట్‌లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మేవి ఆస్ట్రేలియా బడ్జీలు, వాటి సంగతి వేరు.

చట్టం పక్కన పెట్టినా మీకు నష్టమే. మగ ఎర్ర జీనువాయికి ఆ ఎరుపు, తెల్ల చుక్కలు గుడ్లు పెట్టే కాలంలోనే. తర్వాత మాసిపోయి ఆడదానిలా అయిపోతుంది. ఏడాది పొడుగునా మెరిసిపోయే పిట్టలు అమ్ముతున్నారంటే రంగు పూశారని అర్థం.

పిల్లల కోసమే అయితే బాల్కనీలో వరి కుచ్చు వేలాడదీయండి. మా అమ్మమ్మగారింట్లో వసారాకి కట్టేవారు, ఇప్పుడూ సంక్రాంతి ముందు రైతుబజార్ల దగ్గర అమ్ముతుంటారు. కింద మట్టి మూకుడులో నీళ్లు. పిచ్చుకలు ముందు వస్తాయి, చుట్టుపక్కల గడ్డి ఉంటే జీనువాయిలూ రావచ్చు. వాటంతట అవి వస్తే ఆ సరదా వేరు.

కొత్త సభ్యుడు 77
అక్టోబర్ 19, మధ్యాహ్నం 2:15

చట్టం సంగతి తెలియదు మేడమ్. వరి కుచ్చు ప్రయత్నిస్తాం. పావురాలు తినేయవా?

ఎంవీపీ బాల్కనీ
అక్టోబర్ 19, మధ్యాహ్నం 2:17

కుచ్చుని గోడకి, గట్టుకి దూరంగా గాల్లో ఊగేలా కట్టండి. పావురానికి నిలబడే చోటు దొరకదు.

భీమిలి బండి
అక్టోబర్ 20, ఉదయం 7:05

ఎవరూ పూరేడుకి ఓటెయ్యలేదేంటి? అసలైన గుండ్రటి పిట్ట అదే. ఎర్రమట్టి దిబ్బల వైపు తుప్పల మధ్య కాలిబాట దాటుతుంటే చూశాను. రెండడుగులు వేస్తుంది, ఆగి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఇంకో అడుగు. వెనకపక్క వేలు ఉండదు, మూడు వేళ్లే.

వీటిలో ఆడదే పెద్దది, రంగూ ఎక్కువ దానికే. గొంతు నల్లగా ఉంటుంది. డుర్ర్‌ర్ర్ అని కూసి మగవాటిని పిలిచేది అదే, చోటు కోసం వేరే ఆడవాటితో కొట్లాడేదీ అదే. గుడ్లు పెట్టేసి ఇంకో మగదాన్ని వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. పొదగడం, పిల్లల్ని తిప్పడం అంతా నాన్న డ్యూటీ. ఈ సంగతి ఇంట్లో చెప్పాను, మా ఆవిడ ఓటు కూడా పూరేడుకే వెయ్యమంది. రెండు లెక్కపెట్టండి.

ఉల్లంకి
అక్టోబర్ 20, ఉదయం 9:30

మాస్టారూ, ఒక సందేహం. ఇవన్నీ మనకెందుకు ముద్దొస్తాయి? గాలి పొర, వేడి, కొవ్వు అన్నీ పిట్టల అవసరాలు. మన గుండె ఎందుకు కరగాలి?

జువాలజీ మాస్టారు
అక్టోబర్ 20, ఉదయం 11:00

1943లో కొన్‌రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ఆయనకి 1973లో నోబెల్ వచ్చింది. పెద్ద తల, పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు, పొట్టి కాళ్లూ చేతులూ చూస్తే మనలో సాకాలనే కోరిక లేస్తుందని ఆయన వాదన. పసిపాపల కోసం పుట్టిన కోరిక అది. అదే కొలతలు కుక్కపిల్లలోనో పిట్టలోనో కనిపించినా అది పని చేస్తుంది.

అయితే దీనికో ప్రమాదం ఉంది. ముద్దొచ్చింది కదా అని దగ్గరికి పోతాం. పట్టపగలు, ఎండలో, నేల మీద ఈకలు పొంగించుకుని కళ్లు మూసుకుని కూర్చున్న పిట్ట ముద్దుగా ఉండొచ్చు, కానీ అది చాలాసార్లు జబ్బు పడిన పిట్ట. స్నానం చేసి ఆరబెట్టుకునేది, కునుకు తీసేది కూడా పొంగించుకుంటుంది గానీ మనం కదలగానే ఈకలు దించి ఎగిరిపోతుంది. ఎగరలేదంటే అనుమానించాలి.

పైడికంటె
అక్టోబర్ 20, ఉదయం 11:25

లోరెంజ్ సరే గానీ మాస్టారూ, పసితనం ఒక్కటే అయితే జీనువాయి గడ్డి పరక మీద నుంచి జారడం ఎందుకు నచ్చుతుంది? జారినా గింజ వదలకపోవడమే కదా అందులో సరదా. బొమ్మ పిట్ట అయితే ఒక్కసారి చూసి వదిలేస్తాం.

జువాలజీ మాస్టారు
అక్టోబర్ 20, ఉదయం 11:40

ఒప్పుకుంటాను. ఆకారం మనల్ని ఆపుతుంది, అక్కడే కూర్చోబెట్టేది దాని పనులు.

సీతమ్మధార ఫోర్త్ ఫ్లోర్
అక్టోబర్ 24, రాత్రి 9:12

అర్జెంట్. కొత్తగా చేరాను. కిటికీ అద్దానికి ఏదో తగిలిన చప్పుడైతే వెళ్లి చూశా. బాల్కనీలో ఒక పిట్ట, కదలడం లేదు, ఊపిరి ఆడుతోంది. వీపు ఆకుపచ్చ, పొట్ట లేత గోధుమ, తోక కింద ఎర్రగా, కంటి మీదుగా నల్ల పట్టీ. తోక దాదాపు లేనట్టే, ఒళ్లంతా గుండ్రంగా ఉంది. ఎవరి పెంపుడు పిట్టో తప్పించుకుందా? నీళ్లు పట్టించనా? చాలా టెన్షన్‌గా ఉంది.

పైడికంటె
అక్టోబర్ 24, రాత్రి 9:15

నీళ్లు నోట్లో పోయకండి అక్కా! ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది పొన్నంగి పిట్ట. పెంపుడుది కాదు.

జువాలజీ మాస్టారు
అక్టోబర్ 24, రాత్రి 9:19

అవును, పొన్నంగి. ఉత్తరాన, మధ్య భారతంలో వానాకాలం గడిపి ఇప్పుడు దక్షిణానికి పోతున్నాయి. రాత్రిపూట ప్రయాణం చేస్తాయి, దీపాలకీ అద్దాలకీ తికమకపడి ఇలా ఇళ్లలో పడతాయి. ఏటా ఈ రోజుల్లో, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఇలాంటి కబురు ఒకటైనా వస్తుంది.

చెప్పులు కొన్న అట్టపెట్టె ఉందా? నాలుగు చిల్లులు పొడిచి, అడుగున పాత తువ్వాలు పరిచి, పిట్టని మెల్లగా అందులో పెట్టి మూత వేయండి. చీకటిగా, చప్పుడు లేకుండా ఉండాలి. తిండీ నీళ్లూ వద్దు. మాటిమాటికీ తెరిచి చూడొద్దు, ఫొటోలు అసలే వద్దు. పిల్లిని గదిలోకి రానివ్వకండి. తెల్లవారాక పెట్టెలో కదలిక వినిపిస్తే దగ్గర్లో చెట్లూ ఎండుటాకులూ ఉన్న చోట పెట్టి మూత తీసి దూరంగా జరగండి. రెక్క వేలాడుతున్నా, నిలబడలేకపోయినా అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేయండి.

సీతమ్మధార ఫోర్త్ ఫ్లోర్
అక్టోబర్ 25, ఉదయం 6:48

రాత్రంతా నిద్ర లేదు. అయిదింటికి పెట్టెలో గోకుతున్న చప్పుడైంది. మా అపార్ట్‌మెంట్ వెనక మామిడి, క్రోటన్లు ఉన్న మూల మూత తీశా. రెండు నిమిషాలు కదల్లేదు, తర్వాత గెంతుకుంటూ క్రోటన్ కిందికి వెళ్లి ముక్కుతో ఆకులు తిరగేయడం మొదలుపెట్టింది. వాన పడింది కాబట్టి వానపాములు దొరికినట్టున్నాయి. వాచ్‌మన్‌కి చెప్పి అటు ఊడవద్దన్నాను. ఆయన "ఆ ఎండుటాకులు చూస్తే సెక్రటరీగారు నన్నంటారమ్మా" అన్నాడు. సెక్రటరీతో నేను మాట్లాడతా. మళ్లీ ఏ పిట్టా అద్దానికి తగలకుండా కిటికీకి బయట వైపు దారాలు కూడా కడుతున్నా.

ఇంక ఓటు ఎవరికో చెప్పనక్కర్లేదు కదా.

ఎంవీపీ బాల్కనీ
అక్టోబర్ 25, ఉదయం 7:10

చెల్లింది, చెల్లింది. సెక్రటరీల మాటొచ్చింది కాబట్టి ఒకటి. మా దగ్గర ఎండు మునగ కొమ్మ కొట్టించబోయారు. అందులో కంసాలి పిట్ట తొర్ర ఉంది. నుదురు ఎర్రగా, గొంతు పసుపు, ఒళ్లు ఆకుపచ్చ, మెడ లేని బొద్దు పిట్ట. ఎండాకాలం టుక్ టుక్ టుక్ అని గంటలకొద్దీ మోగించేది అదే. నోరు మూసుకునే కూస్తుంది, గొంతు మాత్రం ఉబ్బుతుంది. మెత్తటి ఎండు కొమ్మ ఉంటేనే అది తొర్ర తొలుచుకోగలదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి మన పెద్ద చెట్లు ఎన్ని కూలాయో అందరికీ గుర్తే. తర్వాత నాటినవి ఇంకా తొర్రలు పడే వయసుకి రాలేదు. మనుషుల మీద పడే ప్రమాదం లేకపోతే ఎండు కొమ్మని ఉండనివ్వమని అసోసియేషన్ మీటింగ్‌లో వాదించి గెలిచాను.

అడ్మిన్
అక్టోబర్ 31, రాత్రి 8:00

ఓటింగ్ ఈ రాత్రితో ఆఖరు. ఇప్పటికి పొన్నంగి, పైడికంటె సమానంగా ఉన్నాయి. ఇంకా వేయని వాళ్లు వేయండి. పకోడీ గారూ, మీకు ఇంకో అవకాశం.

చికెన్ పకోడీ
అక్టోబర్ 31, రాత్రి 8:20

పూరేడు. తినడానికి కాదు, నాన్న డ్యూటీ చేస్తున్నందుకు. మా ఇంట్లో ఈ వారం పిల్లాడి డైపర్లు నావే.

పెందుర్తి మామిడి
అక్టోబర్ 31, రాత్రి 9:05

నాది పైడికంటెకి రాసుకోండి. పాకలో ఎలకల్ని తింటాది. మా గుంటలు దానికి పేరు కూడా పెట్టేసినారు. ఆ బదనిక పిట్టకి మాత్రం ఎవరు ఓటేసినా ఒక మైనస్ కూడా నా పేరు మీద రాయండి.